పందెం – పద్ధతి

పందెం మనిషికి పుట్టుకతో వచ్చిన సరదా. బడి వదిలిన తరువాత ఇద్దరు పిల్లలు ఇంటిదారి పడితే, ‘ఆ చింతచెట్టు దాకా ఎవరు ముందు?’ అని వారిలో ఒకరు అనకమానరు. పొలం నుంచి మళ్లిన రెండు ఎడ్లబండ్లు ఒకే బాటలో కలిస్తే, తోలేవారు మాట్లాడుకోకపోయినా గిత్తలు తమంతట తామే వడి పెంచుతాయి. గెలవాలనే కోరికలో తప్పు లేదు. అయితే ఏ పద్ధతిలో గెలిచామన్న ప్రశ్న గెలుపుతోపాటే పుడుతుంది. ఆ ప్రశ్నను మరచిన పందెం పోట్లాటగా మారుతుంది. దానిని గుర్తుంచుకున్న పందెం క్రీడగా నిలుస్తుంది.

నల్లగొండ జిల్లా వేములపల్లి మొదలుకొని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల వరకు వ్యాపించిన ఈ సీమలో పందెమనగానే పెద్దలకు ఎడ్ల బండలాగుడు గుర్తుకు వస్తుంది. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతర సందర్భంగా జరిగే పోటీలకు కృష్ణానదికి ఆవలి ఊళ్ల నుంచి సైతం ఒంగోలు గిత్తలు తరలివస్తాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పశువు వయస్సును పళ్లతో లెక్కకట్టి విభాగాలు ఏర్పరుస్తారు. నిర్ణీత కాలంలో ఏ జత ఎంత దూరం బండను లాగిందో అడుగులతో సహా కొలుస్తారు. అక్కడ చేరిన జనం ఊరికే చూసి పోయేవారు కారు. తోలేవాడు చెర్నాకోలను హద్దు మీరి వాడాడా, మలుపు తిప్పేటప్పుడు బండ గీటు దాటిందా, కాలం చూసేవాడు సరిగానే చూశాడా అని పోటీ ముగిసిన తరువాత కూడా అరుగుల మీద వాదులాడుకుంటారు. ఆ వాదన లేని పందెం వారికి ఉప్పులేని కూడు వంటిది.

మోటారు పందేల అభిమానులు చేసే పని కూడా ఇదే. ఎడ్ల స్థానంలో యంత్రం వచ్చింది. అడుగుల స్థానంలో సెకనులో వెయ్యవ వంతు వచ్చింది. వాదన మాత్రం మారలేదు. మలుపులో ఎవరు ముందున్నారు? తప్పుకోవలసింది ఎవరు? శిక్ష ఎక్కువైందా, తక్కువైందా? ఈ ప్రశ్నలపై రాత్రులు తెల్లవారేదాకా తర్కించుకునే యువకులు నేడు మన పట్టణాలలోనూ, పల్లెలలోనూ ఉన్నారు. ‘పనిలేని వాదన’ అని పెద్దలు విసుక్కోవచ్చు. నా అభిప్రాయం వేరు. ఆ వాదనలో మన సమాజం నేర్చుకోవలసిన ఒక గొప్ప అలవాటు దాగి ఉంది. అదేమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మోటారు పందేలు తెలుగువారికి పూర్తిగా పరాయివి కావు. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో జన్మించిన కరివర్ధన్, మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చులో పందెపు కారును రూపొందించి, ‘ఫార్ములా మారుతి’ పేరిట ఎందరో యువకులకు ఈ క్రీడను అందుబాటులోకి తెచ్చారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరులోని ‘కరి మోటార్ స్పీడ్‌వే’ ఆయన పేరు మీద వెలసినదే. ఆ నగరానికే చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఢిల్లీ సమీపంలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు మూడేళ్లపాటు ఫార్ములా వన్ పోటీలు జరిగాయి. ఆ తరువాత 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన, సచివాలయం చుట్టుపక్కల వీధులనే బాటగా మలచి విద్యుత్ కార్లతో ‘ఫార్ములా ఈ’ పందెం నిర్వహించారు. మరుసటి ఏడు జరగవలసిన పోటీ 2024 జనవరిలో రద్దయింది. దాని ఖర్చు, ఒప్పందాలు రాజకీయ వివాదంగా మారాయి. ప్రజాధనాన్ని ఇటువంటి పోటీలకు వెచ్చించవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానిపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ప్రస్తుతం మనం చర్చించదలచిన విషయం మాత్రం పందెపు బాట మీద జరిగినది.

ఆనాటి పందెంలో రెండు సంఘటనలు గమనించదగినవి. జాగ్వార్ జట్టుకు చెందిన మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు స్థానం నుంచి బయలుదేరాడు. అదే జట్టుకు చెందిన శామ్ బర్డ్ ఒక ఇరుకు మలుపులో లోపలి వైపు నుంచి దూసుకువచ్చి తన సహచరుని కారునే ఢీకొట్టాడు. ఒకే జట్టు కార్లు రెండూ పోటీకి దూరమయ్యాయి. ఇక రెండవ సంఘటన. సెబాస్టియన్ బుయెమీ మూడవవాడుగా గీటు దాటాడు. కాని నిర్ణయించిన పరిమితికి మించి విద్యుత్ శక్తిని వాడుకున్నట్లు తేలడంతో కాలశిక్ష పడి వెనుకకు పోయాడు. మూడవ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. ప్రేక్షకుల కంటికి కనిపించినది ఒకటి, నియమం చూసినది మరొకటి. గీటు ముందుగా దాటినంత మాత్రాన గెలిచినట్లు కాదనీ, ఎలా దాటాడన్నది కూడా లెక్కలోకి వస్తుందనీ హైదరాబాదు నడిబొడ్డున వేలమంది చూస్తుండగా రుజువైంది.

అభిమానుల వాదనలకు మూలం చాలావరకు వీరుల మధ్య వైరమే. బ్రెజిల్ దేశస్థుడు అయర్టన్ సెన్నా, ఫ్రాన్సు దేశస్థుడు అలెన్ ప్రోస్ట్ ఒకే జట్టులో ఉంటూనే బద్ధవిరోధులుగా మారారు. 1989లో జపానులోని సుజుకా బాట మీద ఇద్దరి కార్లు ఢీకొన్నాయి. ప్రోస్ట్ అక్కడే దిగిపోయాడు. సెన్నా తిరిగి బయలుదేరి ముందుగా గీటు దాటినా నిర్ణేతలు అతనిని అనర్హునిగా ప్రకటించారు. ప్రపంచ విజేత పదవి ప్రోస్ట్‌కు దక్కింది. మరుసటి ఏడు అదే సుజుకాలో, మొదటి మలుపులోనే ఇద్దరూ మళ్లీ ఢీకొన్నారు. ఈసారి విజేత పదవి సెన్నాకు దక్కింది. అది తాను తెలిసి చేసినదేనని సెన్నా 1991లో బహిరంగంగా అంగీకరించాడు. ఇన్నేళ్లు గడచినా అభిమానులు ఆ రెండు సంఘటనలపై రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటూనే ఉన్నారు. మొదటి దానిలో ప్రోస్ట్‌ను క్షమించేవారు రెండవ దానిలో సెన్నాను క్షమించరు. రెండవ దానిని సమర్థించేవారు మొదటి దానిని మరువరు. మన వీరుడు చేస్తే చాకచక్యం, ఎదుటివాడు చేస్తే మోసం. ఈ పక్షపాతం సినీ కథానాయకుల అభిమానులను చూసిన మనకు కొత్త కాదు.

అభిమానం కంటికి గంతలు కడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి జపాను దాకా పోనక్కరలేదు. మిర్యాలగూడ నుంచి దక్షిణంగా వెళ్లి కృష్ణానది దాటితే పల్నాడు. 12వ శతాబ్దంలో అక్కడ బ్రహ్మనాయుడు, నాగమ్మల పక్షాల మధ్య జరిగిన కోడిపందెం గురించి తెలుగువారందరూ విన్నదే. ఆ పందెంలో మోసం జరిగిందని ఒక పక్షం భావించింది. ఓడినవారు ఏడేళ్లు ఊరు విడిచిపోవలసి వచ్చింది. ఆ పగ చివరకు కారంపూడి రణరంగంలో వేలమంది నెత్తురు చిందించింది. అక్కడ పందెం ఉంది, వైరం ఉంది, అభిమానులు ఉన్నారు. లేనిది ఒక్కటే: ఉభయులూ తలవంచే నియమం, పక్షపాతం లేని నిర్ణేత. సెన్నా, ప్రోస్ట్‌ల వైరం అటువంటి ముగింపుకు పోలేదు. 1994లో సెన్నా పందెంలోనే ప్రాణాలు కోల్పోయినప్పుడు సావో పాలో నగరంలో అతని శవపేటికను మోసినవారిలో ప్రోస్ట్ ఒకడు. వైరానికి క్రీడ గీసిన గీటు అది.

నియమం ఉంటే చాలదు. అది స్పష్టంగా ఉండాలి. ఈ సత్యాన్ని 2021 డిసెంబరు 12న అబుదాబిలో జరిగిన పందెం కళ్లకు కట్టింది. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ సమానమైన పాయింట్లతో ఆ ఏటి చివరి పందానికి దిగారు. మరికొన్ని చుట్లే మిగిలి ఉండగా వేరొక కారు గోడను ఢీకొట్టింది. రక్షణ కారు బాట మీదికి వచ్చి అందరి వేగాన్ని తగ్గించింది. ఒక చుట్టు వెనుకబడిన కార్లు ఇటువంటి సమయంలో ముందుకు దాటిపోవచ్చునని నియమం. పందెపు అధికారి వాటిలో హామిల్టన్‌కు, వెర్‌స్టాపెన్‌కు నడుమనున్న అయిదు కార్లను మాత్రమే దాటనిచ్చి చివరి చుట్టుకు పోటీని తిరిగి ప్రారంభించాడు. వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ను దాటి ప్రపంచ విజేత అయ్యాడు. అప్పుడు నియమ గ్రంథంలోని ఒక పదం మీద వాదన నడిచింది. ‘ఏ కార్లయినా’ అన్న మాటకు ‘కార్లన్నీ’ అని అర్థమా, ‘కొన్ని కార్లు’ అని అర్థమా? ప్రపంచ విజేత పదవి ఒక పదం అర్థం మీద ఆధారపడింది! అంతర్జాతీయ సమాఖ్య విచారణ జరిపి, ఫలితం చెల్లుతుందనీ, అయితే మానవ తప్పిదం జరిగిందనీ 2022లో ప్రకటించింది. ఆ అధికారిని పదవి నుంచి తప్పించింది. నియమంలోని పదాన్ని ‘కార్లన్నీ’ అని మార్చింది. భాష చదువుకొనే విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. మాటను సరిగా వాడడం పరీక్ష మార్కులకు మాత్రమే పనికివచ్చే విద్య అనుకుంటే పొరపాటు.

ఇంతవరకు చెప్పినది గెలుపు ఓటములకు సంబంధించిన వాదన. ఇంతకంటే ముఖ్యమైన వాదన ప్రాణరక్షణకు సంబంధించినది. నేడు మోటారు పందెంలో కనిపించే ప్రతి రక్షణ ఏర్పాటు వెనుక ఒక ప్రమాదం, దాని మీద జరిగిన ఒక దీర్ఘమైన చర్చ ఉన్నాయి.

స్కాట్లాండుకు చెందిన జాకీ స్టీవార్ట్ 1966లో బెల్జియంలోని స్పా బాట మీద వానలో అదుపు తప్పి ప్రమాదానికి గురయ్యాడు. ఇంధనం కారుతున్న కారులో చాలాసేపు ఇరుక్కుపోయాడు. అతనిని వెలికితీయడానికి తగిన పనిముట్లు కూడా అక్కడ లేవు. కోలుకున్న తరువాత అతడు నడుముపట్టీలు, బాట పక్క రక్షణ కంచెలు, వైద్య సదుపాయాలు ఉండాలని పట్టుబట్టాడు. ‘పిరికివాడు’ అని ఎందరో ఎగతాళి చేశారు. ప్రమాదం లేని పందెం పందెమే కాదన్నారు. ఆ ‘పిరికివాడు’ మూడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. మన ఊళ్లలో శిరస్త్రాణం ధరించి బండి నడిపే కుర్రవానిని తోటివారు ఎగతాళి చేయడం చూస్తుంటాం. వారికి స్టీవార్ట్ కథ చెప్పాలి.

1978లో ఇటలీలోని మోంజాలో రోనీ పీటర్సన్ పందెం మొదట్లోనే ప్రమాదంలో చిక్కుకున్నాడు. వైద్యసహాయం అందడంలో జాప్యం జరిగింది. మరునాడు అతడు మరణించాడు. ఆనాడు వైద్య పర్యవేక్షకుడుగా ఉన్న మెదడు శస్త్రవైద్య నిపుణుడు సిడ్ వాట్కిన్స్, ఇకపై ప్రతి పందెంలో మొదటి చుట్టు పూర్తయ్యేవరకు వైద్యుని కారు పందెపు కార్ల వెంటనే నడవాలని పట్టుబట్టి సాధించాడు. 1994లో ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 30న రోలాండ్ రాట్జెన్‌బర్గర్, మరునాడు సెన్నా మరణించారు. ఆ తరువాత కార్ల నిర్మాణం, బాటల మలుపులు, కంచెలు అన్నీ మారాయి. మెడకు దెబ్బ తగలకుండా కాపాడే పట్టీ 2003 నుంచి తప్పనిసరి అయింది. 2014లో సుజుకాలో జూల్స్ బియాంకి కారు ఒక క్రేన్ వాహనాన్ని ఢీకొట్టింది. అతడు 2015 జూలైలో కన్నుమూశాడు. డ్రైవరు తలను కాపాడేందుకు టైటానియంతో చేసిన ‘హేలో’ అనే చట్రాన్ని 2018 నుంచి ఫార్ములా వన్ కార్లకు తప్పనిసరి చేశారు.

హేలో మీద పెద్ద దుమారం చెలరేగింది. చెప్పు పట్టీలా ఉందని అభిమానులు వెక్కిరించారు. క్రీడ అందమే పోయిందని వాపోయారు. వ్యతిరేకించిన డ్రైవర్లలో రోమా గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్ పందెం మొదటి చుట్టులోనే గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకొని రెండు ముక్కలై మండిపోయింది. సుమారు 28 సెకన్లపాటు అతడు ఆ మంటలలో ఉన్నాడు. కంచె ఇనుము తలకు తగలకుండా హేలో అడ్డుపడింది. మంటలు తట్టుకొనే దుస్తులు ఒంటిని కాపాడాయి. మొదటి చుట్టు కావడం వల్ల వెంటనే వస్తున్న వైద్యుని కారు క్షణాలలో అక్కడికి చేరింది. చేతులకు కాలిన గాయాలతో గ్రోజాన్ తన కాళ్ల మీద తానే బయటకు వచ్చాడు. తాను ఒకప్పుడు కాదన్న హేలోయే తనను బతికించిందని ఆసుపత్రి నుంచి చెప్పాడు. 1978లో మరణించిన పీటర్సన్, 2014లో గాయపడిన బియాంకి, వీరికి జరిగిన ప్రమాదాలపై సాగిన చర్చల ఫలితంగా 2020లో ఒక మనిషి బతికాడు. ఒక చావు వృథా పోలేదు అనడానికి ఇంతకంటే గొప్ప నిదర్శనం ఏముంటుంది?

‘ప్రమాదం ఉంటేనే కదా పందానికి ఉత్సాహం’ అనే వాదన ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. ఈ వాదన బలహీనమైనది. కత్తి సాములో డాలు పట్టినవానిని ఎవరూ అధైర్యవంతుడని అనరు. నేర్పును చూడడానికి వచ్చినవారు నేర్పరి బతికి ఉండాలని కోరుకోవాలి. పైగా మరణం గెలుపు ఓటములను తేల్చదు. పందాన్ని మధ్యలో తెంచివేస్తుంది. మన దేశంలోనే చెన్నై సమీపంలోని పందెపు బాట మీద 2023 జనవరి 8న 59 ఏళ్ల అనుభవజ్ఞుడైన డ్రైవరు, అదే ఏడు ఆగస్టు 5న 13 ఏళ్ల బెంగళూరు బాలుడు ప్రమాదాలలో మరణించారు. పదమూడేళ్ల పిల్లవాడు ఎంత వేగం గల బండిని నడపవచ్చు? ఎంత శిక్షణ ఉండాలి? ఒకే విభాగంలో ఎంతమందిని వదలవచ్చు? గిత్తలకే పళ్లు లెక్కపెట్టి విభాగాలు చేసే మనం పిల్లల విషయంలో మరెంత జాగ్రత్త వహించాలి! ఈ ప్రశ్నలు అడగడం క్రీడను ద్వేషించడం కాదు. క్రీడను నిజంగా ప్రేమించేవారే ముందుగా వీటిని అడగాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, వేములపల్లి, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి పోయే రహదారి ఈ ప్రాంతానికి జీవనాడి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ధాన్యం మోసే లారీలు, ట్రాక్టర్లు, కళాశాలలకు పోయే విద్యార్థుల మోటారు సైకిళ్లు, దూరప్రాంతాల బస్సులు, కార్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. కోతల కాలంలో రహదారుల మీదే ధాన్యం ఆరబోస్తారు. రాసి జారిపోకుండా అంచున రాళ్లు పేరుస్తారు. చీకటి పడిన తరువాత ఆ రాళ్లు కనిపించవు. వెనుక దీపం లేని ట్రాక్టరు దగ్గరకు వచ్చేదాకా కనిపించదు.

2014 డిసెంబరు 6న సూర్యాపేట, కోదాడల నడుమ ఆకుపాముల వద్ద నిర్మాత నందమూరి జానకిరామ్ ప్రయాణిస్తున్న కారు దారి తప్పి ఎదురుగా వచ్చిన ట్రాక్టరును ఢీకొన్నది. ఆయన మరణించారు. 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి, నటుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు నందమూరి హరికృష్ణ తానే కారు నడుపుతూ నల్లగొండ సమీపంలోని అన్నెపర్తి వద్ద ప్రమాదంలో మరణించారు. ఆయన నడుముపట్టీ ధరించలేదు. అది వేములపల్లి మీదుగా పోయే ఆ రహదారే. రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది. ప్రసిద్ధుల మరణాలు వార్తలవుతాయి. పేరు లేనివారి మరణాలు అంకెలవుతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల మరణించినవారు 1,68,491 మంది. వారిలో 50 వేలమందికి పైగా శిరస్త్రాణం ధరించని ద్విచక్ర వాహన ప్రయాణికులే.

ఇన్ని మరణాల తరువాత మనం ఏమంటున్నాం? ‘కాలం తీరింది’ అంటాం. ‘తలరాత’ అంటాం. లేదా ఎదుటి బండివానిని పట్టుకొని కొడతాం. కొన్నాళ్లకు మరచిపోతాం. అదే మలుపులో మరొకరు పడతారు. పందెపు బాట మీద ఒక కారు గోడను తాకితే లక్షలమంది ఆ దృశ్యాన్ని పదేపదే వెనుకకు తిప్పి చూసి, చక్రం ఎక్కడ జారింది, వేగం ఎంత, కంచె ఎందుకు ఆపలేదు అని చర్చిస్తారు. మన ఊరి బాట మీద మన ఊరివాడే పోతే ఆ ప్రశ్నలలో ఒక్కటీ అడగం. ఇదే నా బాధ. మోటారు పందెం అభిమానులలో నాకు నచ్చిన అలవాటు ఈ ప్రశ్నించడమే. ఈ అలవాటును తెర ముందు నుంచి రోడ్డు మీదికి తీసుకురావాలి.

పందేలు చూసే యువకులే రోడ్ల మీద మితిమీరిన వేగంతో పోతున్నారని కొందరు ఆరోపిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. తెర మీద వేగం కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న ఏర్పాటు కనిపించదు. పందెపు బాట మీద ఎదురుగా వచ్చే బండి ఉండదు. గొర్రెల మంద అడ్డం రాదు. జెండా పట్టుకున్న పర్యవేక్షకుడు ప్రతి మలుపులోనూ ఉంటాడు. వైద్యుడు సిద్ధంగా ఉంటాడు. డ్రైవరు చిన్ననాటి నుంచి శిక్షణ పొంది ఉంటాడు. ఇవేవీ లేని రహదారి మీద ఆ వేగాన్ని మాత్రమే అనుకరించేవాడు పందెగాడు కాడు. విరాటుని అంతఃపురంలో ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు. ఉత్తరునికి అదృష్టవశాత్తు సారథిగా అర్జునుడు దొరికాడు. అందరికీ దొరకడు.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు తెలిసిన సూత్రమే ఇది: కదిలే వస్తువు గతిశక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని 80కి పెంచితే ఢీకొన్నప్పుడు శరీరం మోయవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 22 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే అంత దూరం గడచిపోతుంది. పరీక్షలో ఈ లెక్క తప్పితే మార్కులు పోతాయి. రోడ్డు మీద తప్పితే దిద్దుకొనే అవకాశం ఉండదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. అనుమతి లేకుండా రోడ్ల మీద పందేలు వేయడాన్ని నేరంగా ప్రకటించింది. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బాలుడు బండి నడిపి నేరం చేస్తే అతని సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా విధించవచ్చు. ఆ బాలునికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. ప్రమాదంలో గాయపడినవారిని సదుద్దేశంతో ఆదుకున్నవారికి చట్టం రక్షణ కల్పించింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 సేవ, వాట్కిన్స్ వైద్యుని కారు వెనుకనున్న ఆలోచననే సామాన్యుని గుమ్మం దాకా తెచ్చింది. గాయపడినవానికి మొదటి గంట ఎంత విలువైనదో రెండూ చెప్పేవే. అయితే చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు. పందెంలో నియమం నిలబడినది నిర్ణేతల వల్ల మాత్రమే కాదు, ఆ నియమం ఎందుకు వచ్చిందో తెలిసిన ప్రేక్షకుల వల్ల కూడా. మన రహదారి నియమాలకు అటువంటి ప్రేక్షకులు ఇంకా తయారు కాలేదు.

ఆ ప్రేక్షకులు విద్యార్థులలోనే తయారు కావాలి. మీ ఊరి దారిలో ఏ చోట తరచుగా ప్రమాదాలు జరుగుతున్నాయో గుర్తించండి. అక్కడ వెలుగు లేదా? మలుపు కనిపించకుండా చెట్టుకొమ్మ అడ్డమా? కాలువ వంతెన గోడ కూలిందా? కారణాన్ని కాగితం మీద పెట్టి గ్రామ పంచాయతీకి, రోడ్ల శాఖకు తెలియజేయండి. ధాన్యం ఆరబెట్టే రైతును నిందించవద్దు. అతనికి కళ్లం లేకనే రోడ్డెక్కుతున్నాడు. ఊరికొక సిమెంటు కళ్లం కావాలని అతనితో కలిసి అడగండి. ట్రాక్టరు వెనుక ఎర్రని మెరుపు పట్టీ అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. ఇవి చిన్న పనులే. హేలో కూడా చూడడానికి చిన్న చట్రమే.

వాదించేటప్పుడు ఒక మర్యాద పాటించడం అవసరం. ప్రమాదం జరిగిన వెంటనే ‘ఎవరిది తప్పు?’ అని అడిగేవారు పక్షాలుగా చీలిపోతారు. ‘ఎలా జరిగింది?’ అని అడిగేవారు ఒక చోట కూర్చోగలుగుతారు. మొదటి ప్రశ్న అవసరమే. అది న్యాయస్థానానికి, నిర్ణేతకు సంబంధించినది. రెండవ ప్రశ్న మనందరిదీ. మన అభిమాన వీరుడు తప్పు చేసినప్పుడు దానిని తప్పని చెప్పగలగడం ఉత్తమ అభిమానికి గుర్తు. మన మిత్రుడు శిరస్త్రాణం లేకుండా బండి తీసినప్పుడు తాళంచెవి అడిగి తీసుకోగలగడం ఉత్తమ మిత్రునికి గుర్తు.

పందేలు చూడండి. వీరులను అభిమానించండి. మలుపు మలుపునూ చర్చించండి. గిత్తల పందెమైనా, కార్ల పందెమైనా గెలుపుకు గౌరవం తెచ్చేది పద్ధతే. పందెపు బాటకు వెలుపల, ధాన్యపు లారీలు పోయే మన రహదారి మీద మాత్రం ముందుగా చేరినవానికి బహుమతి ఏదీ ఉండదు. అక్కడ సాయంత్రం ఇల్లు చేరిన ప్రతివాడూ విజేతే.